దొలోరెస్‌కు ఒక లారీ పూలు

ఈస్టరుకు ముందు వచ్చే వ్యాకులమాత శుక్రవారం నాడు ఫిదెన్సియో బరాహాస్ వేసుకున్న ప్రణాళికలో మూడే పనులున్నాయి. ఎనిమిదింటికల్లా మడుగు గట్టు మీదున్న గుర్రపుడెక్క కుప్పను లారీకెత్తించాలి. పదింటికల్లా దాన్ని ఊరి బయట ఇటుక బట్టీల దగ్గర తవ్వించిన గోతిలో పూడ్పించాలి. పదకొండింటికి పూలూ, నిమ్మకాయ ఐస్‌క్రీమూ పట్టుకుని ఇంటికి పోవాలి. ఆ రోజున సాన్ తెల్మోలో భార్యకు పూలు ఇవ్వని మగవాడు చీకటిపడేదాకా ఎవరి కంటా పడకపోవడమే మంచిది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఫిదెన్సియో ఒక్క ఏడాది మరిచిపోయాడు. ఆ ఏడాదిని ఒతీలియా ఇంకా మరిచిపోలేదు.

"పదకొండంటే నీ లెక్కలో రెండు," అంది ఒతీలియా పెనం మీద తోర్తియా రొట్టె తిరగేస్తూ. "అప్పటికి పూలెక్కడుంటాయి? ఈసారి మంచుకి తోటలన్నీ మాడిపోయాయి. బజార్లో ఉన్న నాలుగు కట్టలూ పట్నం పోయాయంట."

"తెస్తానన్నాను కదా."

"కాగితం పూలు తెచ్చావంటే అవి నువ్వే పెట్టుకుందువుగాని."

ఫిదెన్సియో సాన్ తెల్మో మునిసిపాలిటీలో పర్యావరణ శాఖ. శాఖకు అధిపతి కాదు, శాఖే ఆయన. ఒక బల్ల, ఒక కుర్చీ, తలుపు కన్నా వెడల్పైన బోర్డు కూడా అందులోకే వస్తాయి. అంతకుముందు పాతికేళ్ళు ఊరి హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పాడు కాబట్టి ఊరంతటికీ ఇప్పటికీ మాస్టారే. సాన్ తెల్మోకు తోళ్ళ ఫ్యాక్టరీలే బతుకు. ఆ ఫ్యాక్టరీల్లో తోళ్ళను పదును చేసిన నీళ్ళన్నీ నీలంగా, చిక్కగా వచ్చి ఊరి దిగువనున్న మడుగులో చేరతాయి. ఆ నీళ్ళలో క్రోమియం ఉంటుంది. దానికి వాసన లేదు, తొందర అంతకన్నా లేదు. ఒంట్లోకి చేరాక ఎన్నేళ్ళైనా ఆగి పని మొదలుపెట్టగలదు.

మూడేళ్ళ కిందట మాస్టారు ఆ మడుగులో గుర్రపుడెక్క వేసినప్పుడు ఊరంతా నవ్వింది. ఎక్కడి కాలువల్లోనైనా పీకి పారేయడానికి నానా తంటాలు పడే మొక్కను కోరి తెచ్చి వేసిన మనిషిని వాళ్ళు అంతకుముందు చూడలేదు. కానీ గుర్రపుడెక్క వేళ్ళు నీళ్ళలోని లోహాన్ని పీల్చి తమలో దాచుకుంటాయి. మూడేళ్ళలో మడుగులోని క్రోమియం సగానికి సగం తగ్గింది. ఆ మునిసిపాలిటీ మొదలుపెట్టిన పనుల్లో చెప్పినది చెప్పినట్టు జరిగింది అదొక్కటే. అయితే కడుపు నిండా తాగిన మొక్కను కుళ్ళకముందే పీకెయ్యాలి. పీకినదాన్ని మందపాటి ప్లాస్టిక్ పరిచిన గోతిలో పూడ్చెయ్యాలి. లేకపోతే తాగిందంతా మళ్ళీ నీళ్ళలోనే కక్కుతుంది. ఆ గొయ్యి కోసం మాస్టారు రెండేళ్ళు ఉత్తరాలు రాశాడు. చివరికి ఇటుక బట్టీల దగ్గర, దొలోరెస్ అనే విధవరాలి పొలం మూలన గొయ్యి మంజూరైంది.

మంజూరు చేస్తూ మునిసిపల్ ప్రెసిడెంటు ఉగాల్దే ఒక్క షరతు పెట్టాడు. ఏ కాగితంలోనూ క్రోమియం అనే మాట కనపడకూడదు. విషం అనకూడదు. వ్యర్థం అనడానికీ వీల్లేదు. ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద తోళ్ళ ఫ్యాక్టరీ ప్రెసిడెంటు బావమరిదిది. మాస్టారు రాసిచ్చిన రవాణా చీటీని ప్రెసిడెంటు స్వయంగా దిద్దాడు. "క్రోమియం పీల్చిన మొక్కలు" కొట్టేసి "అలంకార జలమొక్కలు" అని రాశాడు. "దొలోరెస్ పొలంలోని గొయ్యి" అన్నచోట చివరి రెండు మాటలూ కొట్టేశాడు.

"గొయ్యి అంటే ఎవరో చచ్చినట్టుంటుంది మాస్టారూ," అన్నాడు. "పొలం అంటే ఎవరి పొలమని అడుగుతారు. దొలోరెస్ చాలు. చిన్న ఊరు, అందరికీ తెలుసు."

ఆ చీటీ పట్టుకుని శుక్రవారం పొద్దున్న మాస్టారు మడుగు గట్టుకు చేరేసరికి లారీ వచ్చి ఉంది. లారీ ఒతీలియా తమ్ముడు నాబోర్‌ది. మామూలు రోజుల్లో పచ్చి తోళ్ళు మోస్తాడు, పండగ రోజుల్లో ఏదైనా మోస్తాడు. గట్టు మీద ముందు రోజు పీకి పోసిన గుర్రపుడెక్క మనిషెత్తు ఉంది. ప్రతి మొక్కకూ ఊదారంగు పూల గుత్తి విచ్చుకుని ఉంది. వేళ్ళు మాత్రం నల్లగా, జిగటగా వేలాడుతున్నాయి.

"ఇంత అందమైన సరుకు నా లారీ ఎప్పుడూ ఎక్కలేదు బావా," అన్నాడు నాబోర్.

"చేతులకి గ్లౌజులేసుకో. కూలీలిద్దరికీ కూడా ఇవ్వు."

"పూలెత్తడానికి గ్లౌజులా? నేనేమన్నా పెళ్ళికూతురినా?"

"వేసుకోమంటే వేసుకో. నేను ముందు పోయి అక్కడ ప్లాస్టిక్ పరిపిస్తాను. ఎక్కడికో చీటీలో ఉంది."

క్రోమియం సంగతి నాబోర్‌కు చెప్పాలని మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాబోర్‌కు చెప్పడమంటే బజారు మైకులో చెప్పడమే. మాస్టారు మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నాబోర్ తీరిగ్గా చీటీ చదివాడు. అలంకార మొక్కలు. దొలోరెస్‌కు. ఆ రోజు వ్యాకులమాత శుక్రవారం, కొడుకు శిలువ కింద ఏడ్చిన ఆ తల్లిని ఆ ఊళ్ళో పిలిచే పేరు దొలోరెస్. ఆమె గుడి ఉన్న పేట పేరు కూడా దొలోరెస్. పూలు చూస్తే ఆ తల్లి దుఃఖానికి గుర్తుగా కట్టే ఊదారంగువే. ఇటుక బట్టీల దగ్గర ఆ పేరుతో ఒక విధవరాలు ఉందని నాబోర్‌కు తెలుసు కానీ, ఆమెకు ఎవరైనా లారీడు పూలు పంపుతారన్న ఆలోచన అతనికి రాలేదు. వస్తే బావ గురించి వేరేగా ఆలోచించాల్సి వచ్చేది.

దొలోరెస్ పేటలో పీఠాలు కట్టే ఆడవాళ్ళకు పెద్ద దోన్యా కూకా. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, అందరికీ దోన్యా, అంటే అమ్మగారు, యాభై ఏళ్ళుగా ఆ పెత్తనం ఆవిడదే. వ్యాకులమాత శుక్రవారం నాడు ప్రతి ఇంటి ముందు గదిలోనూ మెట్లు మెట్లుగా పీఠం కట్టి, ఊదా గుడ్డ పరిచి, అమ్మ బొమ్మ పెట్టి, పూలతో నింపాలి. ఈ ఏడు పూలు లేక వారం రోజులుగా పేటంతా కాగితాలు కత్తిరిస్తోంది. ఎనిమిదిన్నరకు లారీ గుడి ముందు ఆగేసరికి దోన్యా కూకా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

"ఇవెవరివి నాబోర్?"

"మీవే దోన్యా. మునిసిపాలిటీ పంపింది."

"ఏ మునిసిపాలిటీ?"

"మన మునిసిపాలిటీయే."

"మా వీధిలో మురుగు గొట్టం వెయ్యమని మా ఆయన బతికున్నప్పుడు అర్జీ పెట్టాం. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు పూలు పంపారా?"

"చీటీ చూడండి. ముద్ర కూడా ఉంది."

దోన్యా కూకా చీటీని ముందూ వెనకా చూసింది. ముద్ర అసలుదే. "సరే, మురుగు మీదైనా పూలేగా," అని కత్తెర జేబులో వేసుకుంది. "దింపండి."

అరగంటలో లారీ ఖాళీ అయింది. గుర్రపుడెక్కలో ఉన్న సుగుణం ఏమిటంటే దానికి పూలకుండీ అక్కర్లేదు. ఏ నీళ్ళలో వేసినా తేలుతూ నిలబడుతుంది. పేటలో ఆడవాళ్ళు వేళ్ళతో సహా బేసిన్లలో వేశారు, బిందెల్లో వేశారు, పులుసు కాచుకునే పెద్ద మట్టి పాత్రల్లో వేశారు. ఆ రోజు ఇంటింటికీ తిరిగేవాళ్ళు గుమ్మం ముందు నిలబడి "అమ్మ ఏడ్చిందా?" అని అడుగుతారు. ఇంటివాళ్ళు "ఏడ్చింది" అని చెప్పి గోగుపూల షర్బత్తు గ్లాసులో పోసి ఇస్తారు. అవి అమ్మ కన్నీళ్ళు. ఆ కన్నీళ్ళుండే మట్టి కాగు మీద కూడా రెండేసి మొక్కలు తేలితే ఎంత బాగుంటుందో ఎవరో ఒకావిడకు తోచింది. తోచీ తోచకముందే వీధంతా పాకింది.

ఇటు ఇటుక బట్టీల దగ్గర మాస్టారు ప్లాస్టిక్ పరిపించి, దాని అంచుల మీద రాళ్ళు పెట్టించి, గోతి ఒడ్డున నిలబడ్డాడు. పక్కనే దొలోరెస్ ఇటుకరాళ్ళ మీద కూర్చుని చిలగడదుంప తింటోంది.

"ఎప్పుడొస్తుంది మాస్టారూ నీ లారీ?"

"వచ్చేస్తోంది."

"అరగంట నుంచీ వచ్చేస్తోంది."

తొమ్మిదిన్నరకు మాస్టారు నాబోర్‌కు ఫోన్ చేశాడు. అవతల బ్యాండు వినిపిస్తోంది.

"దింపేశాను బావా. జనం సంతోషం చూడాలి."

"ఏ జనం? ఎక్కడ దింపావు?"

"దొలోరెస్‌లో."

"నేను దొలోరెస్ పక్కనే నిలబడి ఉన్నాను."

"ఎక్కడ? నేను గుడి మెట్ల మీదే ఉన్నాను. నాకు కనపడటంలేదే."

మాస్టారు మెల్లగా అడిగాడు. "నాబోర్, ఆ మొక్కలు ఇప్పుడెక్కడున్నాయి?"

"ఎక్కడేంటి, ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. షర్బత్తులో కూడా వేశారు. ఇప్పటికి నేను నాలుగు గ్లాసులు తాగాను, నీక్కూడా ఒకటి తీసిపెట్టమంటావా?"

మాస్టారు మోపెడ్ ఎక్కిన తీరు చూసి దొలోరెస్ చిలగడదుంప పక్కన పెట్టింది.

ఊళ్ళోకి వచ్చేసరికి బజారు మైకులో ప్రెసిడెంటు ఉగాల్దే గొంతు మోగుతోంది. మంచు దెబ్బకు కుమిలిపోతున్న తల్లులనూ అక్కచెల్లెళ్ళనూ తమ ప్రభుత్వం మరిచిపోలేదనీ, దొలోరెస్ పేటకు ఈ పూలు తన చిన్న కానుక అనీ చెబుతున్నాడు. అవి ఏ పూలో, ఎక్కడివో ఆయనకు తెలియదు. ఎవరో థాంక్స్ చెప్పారు, ఆయన తీసుకున్నాడు. మాస్టారు ఆయన్ని చెయ్యి పట్టుకుని కారు వెనక్కి లాక్కుపోయి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ప్రెసిడెంటు ముఖంలోంచి పండగ మెల్లగా దిగిపోయింది.

"వెంటనే వెనక్కి తెప్పించు."

"మీరే మైకులో చెప్పండి. తాగొద్దని చెప్పండి."

"ఏమని చెప్పను? కానుకిచ్చిన నోటితో కానుకలో విషముందని చెప్పనా? పట్నం పత్రికవాళ్ళు గుడి దగ్గరే ఉన్నారు. క్రోమియం అన్నావంటే రేపటికి ఫ్యాక్టరీలు మూతపడతాయి. పనివాళ్ళకి నువ్వు పెడతావా తిండి?"

"మరి మొక్కలెందుకు తీసుకుపోతున్నామంటే ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. పాతికేళ్ళు పాఠాలు చెప్పినవాడివి, ఒక్క అబద్ధం చెప్పలేవా?"

చెప్పలేడని కొద్దిసేపట్లోనే తేలింది. మొదటి ఇంటి గుమ్మంలో నిలబడి మాస్టారు, ఆ మొక్కలకు పురుగు పట్టిందని చెప్పాడు. ఇంటావిడ అలాగా అని లోపలికి పోయి, పురుగుల మందు సీసా తెచ్చి, పీఠం మీదా, అమ్మ బొమ్మ మీదా, షర్బత్తు కాగు మీదా కసిదీరా కొట్టింది.

"ఇక చస్తాయిలే మాస్టారూ. చెప్పి మంచి పని చేశారు."

మాస్టారు మాట పెగిలేలోపు ఆవిడ కిటికీలోంచి పక్కింటావిడకు చెప్పింది. పక్కింటావిడ ఎదురింటికి చెప్పింది. కాసేపటికి వీధిలో నాలుగు పీఠాల దగ్గర ధూపం బదులు మందు వాసన వేస్తోంది. ఆ నాలుగు ఇళ్ళలోనూ షర్బత్తు పారబోయించడానికి మాస్టారు చేతులు జోడించాల్సి వచ్చింది. భయపెడితే లాభం లేదని ఆయనకు అర్థమైంది. సంతోషపెట్టే అబద్ధం కావాలి. వీధి మొదట్లోకి వచ్చి, కనిపించిన వాళ్ళందరితో అన్నాడు.

"పోటీ పెట్టారు. ఎవరు ఎక్కువ మొక్కలు బజారుకి తెస్తే వాళ్ళకి బహుమతి. ప్రెసిడెంటు గారే ఇస్తారు. పన్నెండింటిలోపు తేవాలి."

"ఏమిటి బహుమతి?" అని అడిగాడొకాయన.

"అది... పెద్దదే."

మొదటి వీధిలో పెద్దదే అయిన బహుమతి, రెండో వీధికి చేరేసరికి కుట్టుమిషను అయింది. గుడి దగ్గరకొచ్చేసరికి ఫ్రిజ్జు అయింది. అబద్ధం ఇంత చక్కగా పని చేస్తుందని మాస్టారు అనుకోలేదు. జనం బేసిన్లతో, బిందెలతో బజారుకు పరిగెత్తారు. నాబోర్ లారీ వెనక తలుపు తీసి నిలబడ్డాడు, ఈసారి గ్లౌజులు వేసుకుని. మొక్కలు వచ్చి పడుతున్నాయి. మాస్టారికి పొద్దుట్నుంచీ మొదటిసారి ఊపిరాడింది. లారీలో సగం నిండింది. ముప్పాతిక నిండింది. పొద్దున నిండినంతా నిండింది. ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఇన్నెక్కడివి బావా?" అన్నాడు నాబోర్. "నేను తెచ్చినవి ఇన్ని లేవే."

అప్పుడు మాస్టారు చూశాడు. గోనెసంచీ మోసుకొస్తున్న మనిషి ప్యాంటు నడుము దాకా తడిసి ఉంది. అతని వెనకున్నామె పావడా పైకి దోపుకుంది, మోకాళ్ళ దాకా నీలం మరక. ఆమె వెనక ఇంకా ఎంతోమంది. పేటలో మొక్కలు దొరకనివాళ్ళూ, దొరికినవి చాలనివాళ్ళూ ఎక్కడ దొరుకుతాయో అక్కడికే పోయారు. తోళ్ళ ఫ్యాక్టరీల నీళ్ళలో దిగి చేతికందినంతా పీక్కొచ్చారు.

"మడుగులో ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు మాస్టారు.

"లేవు మాస్టారూ, ఊడ్చేశాం," అన్నాడు గోనెసంచీ మనిషి గర్వంగా. "అద్దంలా ఉంది. నావి లెక్క రాసుకోండి."

మూడేళ్ళుగా తెల్లవారుజామునే పోయి ఒక్కో పిలకను వెదురుబద్దల మధ్య నిలబెట్టిన మడుగు అది. మాస్టారు లారీ చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆ క్షణాన ఆయనకు దుఃఖం కన్నా ముందు సిగ్గు కలిగింది. తను ఒక్కడే నోరు మూసుకున్నందుకు ఇంతమంది ఆ నీళ్ళలో దిగారు. గుడి వైపు చూశాడు. గుమ్మంలో దోన్యా కూకా పెద్ద కాగు ముందు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకు ఫ్రిజ్జు అక్కర్లేదు, ఉంది. కాగు మీద మూడు మొక్కలు నల్లటి వేళ్ళు షర్బత్తులోకి వదిలి తేలుతున్నాయి. ముందు ఇరవై మంది వరసలో ఉన్నారు. వాళ్ళలో ఒతీలియా ఒకతి.

మాస్టారు జనాన్ని తోసుకుంటూ పోయి గరిటె లాక్కున్నాడు.

"తాగకండి. ఎవరూ తాగకండి. ఇందులో క్రోమియం ఉంది."

బ్యాండు ఆగిపోయింది. దోన్యా కూకా ఖాళీ చేతిని చూసుకుంది, తరువాత మాస్టారిని చూసింది.

"పురుగన్నావు. పోటీ అన్నావు. ఇప్పుడిదేంటి?"

"ఇది నిజం దోన్యా. తోళ్ళ ఫ్యాక్టరీల్లో వాడే లోహం. మడుగు నీళ్ళలో కలుస్తుంది. ఈ మొక్కలు దాన్ని తాగేస్తాయి. అందుకే వీటిని పూడ్చిపెట్టాలి. ఇవి మీ దాకా రావలసినవి కావు."

"మొక్కలు తాగకముందు ఆ మడుగులో నీళ్ళు ఎటుపోయేవి?"

మాస్టారు చేతిలోని గరిటెను కాగు అంచున పెట్టాడు.

"నిన్నే అడిగేది. నేలలోకేగా ఇంకుతాయి?"

"అవును."

"మా కుళాయికి నీళ్ళొచ్చే బోరు ఆ మడుగుకి ఎంత దూరం?"

"మూడొందల మీటర్లు."

"ఆ బోరు నీళ్ళు పరీక్ష చేశావా?"

"చేశాను. మూడేళ్ళ కిందట."

"ఉందా?"

"ఉంది."

ఉత్తరాలు రాశానని, ప్రెసిడెంటు ఆగమన్నాడని, మడుగు శుభ్రమైతే బోరు కూడా నెమ్మదిగా బాగవుతుందని అనుకున్నానని మాస్టారు చెప్పాడు. అన్నీ నిజాలే. చెబుతుంటే ఒక్కొక్కటీ పొద్దుటి అబద్ధాల కన్నా పేలవంగా వినిపించింది. దోన్యా కూకా అంతా విని, గొంతు పెంచకుండా ఒక్కటే అడిగింది.

"మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు మాస్టారూ?"

"క్యాను నీళ్ళు."

"ఎప్పట్నుంచి?"

జవాబు వెనకనుంచి వచ్చింది.

"మూడేళ్ళ నుంచి," అంది ఒతీలియా. "కుళాయి నీళ్ళలో ఉప్పు ఎక్కువైంది, నా రక్తపోటుకి పడదు అని చెప్పాడు. నామీద ఎంత ప్రేమో అనుకున్నాను."

ఆ మాటకు ఎవరైనా నవ్వుతారేమోనని నాబోర్ చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. దోన్యా కూకా వంగి కాగును రెండు చేతులా పట్టుకుంది. ఎవరో సాయం పట్టబోతే వద్దంది. ఆవిడే దాన్ని మురుగు కాలువ దాకా ఈడ్చుకుపోయి వంపేసింది. తరువాత మూడు మొక్కలూ శాలువా కొంగులో వేసుకుని మునిసిపాలిటీ వైపు నడిచింది. పేటంతా ఆవిడ వెనకాల నడిచింది. మాస్టారిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పక్కనుంచి పోతూ ఒక్కరూ ఆయన్ని మాస్టారూ అని పిలవలేదు.

మధ్యాహ్నానికి లారీలోవీ, బేసిన్లలోవీ మొక్కలన్నీ ప్రెసిడెంటు గది తలుపు ముందు కుప్పగా పడ్డాయి. ఆయన కిటికీలోంచి దిగి వెళ్ళిపోయాడని కొందరన్నారు. ఆయన మాత్రం తనిఖీకి వెళ్ళానన్నాడు. ఆదివారం పట్నం పత్రికలో వార్త వచ్చింది. సోమవారం ప్రెసిడెంటు చాలా బాధతో, చాలా కోపంతో విచారణ సంఘాన్ని వేశాడు.

ఆ వారంలో ఒక పొద్దున దోన్యా కూకా మాస్టారింటికి వచ్చింది. గుమ్మంలో ఒక సీసా పెట్టింది. అందులో కుళాయి నీళ్ళు. సీసాకు ఆవిడ పేరు రాసిన కాగితం అంటించి ఉంది.

"పరీక్ష చేసిపెట్టు," అంది. "నీ మీద నమ్మకంతో కాదు. ఇంకెవరూ లేరు."

మర్నాటికి గుమ్మంలో పదకొండు సీసాలున్నాయి. ఆ వారం చివరికి అరుగంతా నిండింది. మాస్టారి పరీక్ష సామాను అప్పటికే మునిసిపాలిటీ వాళ్ళు సాక్ష్యమని పట్టుకుపోయారు. సీసాలన్నీ నాబోర్ లారీలో వేసుకుని మాస్టారు పట్నంలోని ప్రయోగశాలకు వెళ్ళాడు. తాగునీరు పరీక్షించాలంటే మునిసిపాలిటీ పర్యావరణ శాఖ ముద్ర కావాలన్నారు. ఆ శాఖ తనేనని ఆయన చెప్పాడు. వాళ్ళు ఫోన్ చేసి కనుక్కున్నారు. అలాంటి శాఖ నిన్నటితో రద్దయిందట. సీసాలు తిరిగి అరుగు మీదికే వచ్చాయి. ఒతీలియా వాటిని వరసగా సర్దింది. ఆ తరువాత ఆమె క్యాను నీళ్ళు తాగడం మానేసింది. ఎందుకని మాస్టారు అడగలేదు. తనూ మానేశాడు.

మునిసిపాలిటీ ముందు కుప్పపోసిన మొక్కలు నాలుగు రోజులకు కుళ్ళి వాసన కొట్టాయి. దొలోరెస్ పొలంలోని గొయ్యి మాత్రం ఖాళీగానే ఉంది. విచారణ పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదన్నారు. అందుకని ఎక్కడ పుట్టినవి అక్కడే చేరాలన్న న్యాయంతో మొక్కలన్నిటినీ తీసుకుపోయి మడుగులో పారబోయించారు. అవి తాగిందంతా నీళ్ళకు తిరిగి ఇచ్చేశాయి.

విచారణ సంఘంలో ముగ్గురు పెద్దలున్నారు. వాళ్ళు ఆరు వారాలు చదివారు, రెండు గంటలు తిరిగారు. మొక్కలను పరీక్షిస్తే క్రోమియం కనిపించింది. బోరు నీళ్ళను పరీక్షించడం తమ విచారణ పరిధిలోకి రాదని రాశారు. మాస్టారు మాత్రం పరిధిలోకే వచ్చాడు. ప్రమాదకరమైన జలమొక్కలను అనుమతి లేకుండా పెంచి జనావాసాల్లోకి తెచ్చినందుకు, అప్పటికే రద్దయిన శాఖలోంచి ఆయన్ని తొలగించాలని, సాన్ తెల్మో మునిసిపాలిటీలో ఇకపై గుర్రపుడెక్కను నిషేధించాలని సిఫారసు చేశారు. నాబోర్ దగ్గర దొరికిన చీటీని కూడా జతచేశారు. అందులో ఎక్కడా క్రోమియం అనే మాట లేదు కాబట్టి ప్రెసిడెంటు గారికి విషయం తెలిసే అవకాశమే లేదని తేల్చారు.

నివేదిక ప్రకారం సాన్ తెల్మోకు క్రోమియం మొట్టమొదటిసారి వచ్చింది ఆ శుక్రవారం పొద్దున, ఎనిమిదిన్నరకు.